అచ్చియ్యమ్మ ఎప్పుడు పడింది?

గోనెవరం మునిసిపల్ ఆసుపత్రికి వెన్నెముక ఫొటో తీసే మిషను వచ్చిన రోజున ఆ హడావిడి చూసినవాళ్ళెవరైనా, ఊళ్ళోకి కొత్త పెళ్ళికూతురు దిగుతోందేమో అనుకునేవారు. లారీకి మామిడాకులు కట్టారు. సన్నాయివాళ్ళని పిలిపించారు. తీరా దింపేసరికి ఆసుపత్రి గుమ్మం ఇరుకై మిషను లోపలికి పట్టలేదు. వెంటనే గోడ పగలగొట్టారు. ఎప్పుడో పెద్ద తుఫానుకి పడిపోయిన ప్రహరీ మాత్రం ఇప్పటికీ లేవలేదనుకోండి. పగలగొట్టడానికి వచ్చే నిధులు వేరు, కట్టడానికి రావలసిన నిధులు వేరు. అవి ఒకదాని మొహం ఒకటి చూసుకోవు.

పథకం పేరు 'వెన్నుదన్ను'. దానికి ప్రత్యేకాధికారిగా త్రివిక్రమరావు గారిని వేశారు. రిటైరయ్యే వయసు దగ్గరపడినా మనిషి దర్జాకేం లోటు లేదు. ఈ మధ్య తన లాల్చీలు మోకాళ్ళు దాటి కిందికి పోతున్నాయని, కొలతలు తెలియని వెధవలని తిట్టి ఇద్దరు దర్జీలని మార్చాడు కూడాను. ఆయన వేదికెక్కి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"వయోవృద్ధుల వెన్నుపూసలయందు నిగూఢముగా దాగియున్న భంగములను ఛాయాచిత్రముల ద్వారా బట్టబయలు చేసి, తద్వారా భావి భంగములను నివారించుటయే ఈ పథకము యొక్క పరమావధి. ఇక మీదట గోనెవరములో ఒక్క పూస కూడా ప్రభుత్వము వారి దృష్టిని తప్పించుకొనజాలదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టరూ మరి? ఆ మాటల్లో తప్పేమీ లేదు. పెద్దవాళ్ళ వెన్నులో తెలియకుండా విరిగిన పూసని ముందే పట్టుకుంటే, రెండోది విరగకుండా మందివ్వొచ్చు. బంగారంలాంటి మాట. కానీ ఏ బంగారంలాంటి మాటకైనా ఆఫీసులో ఒక ఫారం తయారుచేస్తారు కదా, అదిగో, కష్టాలన్నీ అక్కణ్ణుంచి మొదలవుతాయి.

ఈ కథ జరిగింది అచ్చియ్యమ్మకి. గోనెవరంలో ఆవిడని ఎరగనివాళ్ళు లేరు. ఎరగకపోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఊళ్ళో సగంమంది ఆవిడ కాళ్ళమీద పడుకుని స్నానం చేసినవాళ్ళే. పసిపిల్లలకి నీళ్ళు పోయడంలో ఆవిడ చెయ్యి అలాంటిది. పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు బారజాపి, రెండు పిక్కలూ దగ్గరికి చేర్చి, వాటి మీద పిల్లని బోర్లా పడుకోబెట్టి, నూనె మర్దనా చేసి, నలుగుపిండి రాసి, ముక్కులోకి నీళ్ళు పోకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి గోరువెచ్చటి నీళ్ళు పోస్తుంటే, గుక్కపట్టి ఏడ్చే పిల్ల కూడా మధ్యలో ఏడుపు మర్చిపోయి ఆవలించేది. తర్వాత సాంబ్రాణి పొగ. తర్వాత ఇల్లంతా నిద్ర. హైస్కూలు హెడ్మాస్టరు బజార్లో మీసం మెలేసుకుంటూ ఎదురైతే, "ఏరా, నీకు ముక్కు చప్పిడిగా ఉంటే నేనే కదా రోజూ నొక్కి లాగింది" అని నలుగురిలో అనగల మనిషి ఆవిడ.

అలాంటి అచ్చియ్యమ్మకి వంటింట్లో ఉప్పుజాడీ అందడం మానేసింది. చెయ్యి చాస్తే చాలు దొరికే జాడీ. ఇప్పుడు మునివేళ్ళ మీద లేచినా చెయ్యి తగలడం లేదు. తాపీమేస్త్రీని పిలిపించి, "అలమార పైకెందుకు జరిపేవురా?" అని దెబ్బలాడింది. చీర కుచ్చిళ్ళు నేల ఊడుస్తున్నాయి. దానికి నేతవాళ్ళని తిట్టింది. చివరికి మనవరాలు హేమదుర్గ నవ్వేసింది.

"అలమారా ఎదగలేదు, చీరా ఎదగలేదమ్మమ్మా. నువ్వే తగ్గుతున్నావు. ఆ ఫొటో ఏదో తీయించుకో."

తల్లి పోయిన హేమదుర్గని చంటిపిల్లప్పటినుంచీ పెంచింది అచ్చియ్యమ్మే. దానికిప్పుడు నెల తప్పింది. పురిటికి ఇక్కడికే వస్తుంది, నీళ్ళు పొయ్యాల్సింది ఈవిడే. ఊరందరి పిల్లలకీ పోసిన చెయ్యి సొంత మునిమనవడికి పొయ్యకుండా ఎలా ఉంటుంది? అందుకే వెళ్ళింది ఆసుపత్రికి. లేకపోతే అచ్చియ్యమ్మ ఫొటోలకి నిలబడే రకం కాదు.

డాక్టరు షాహీన్ చిన్నపిల్ల. ఫొటోని వెలుతురు పెట్టె మీద పెట్టి ఓపిగ్గా చూపించింది.

"ఇవన్నీ మీ పూసలు బామ్మగారూ. ఇడ్లీలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు లేవూ? ఈ ఒక్కటీ చూడండి, ముందువైపు నొక్కుకుపోయింది. ఇది విరిగిందన్నమాట."

"ఇరిగిందా? నాకు తెలీకుండా నా ఎన్ను ఎలా ఇరుగుద్ది తల్లీ?"

"చాలామందికి తెలీదండి. వయసొచ్చాక ఎముక గుల్లబారిపోతుంది. ఏ బిందో ఎత్తినప్పుడు నొక్కుకుపోతుంది. నడుం పట్టేసిందనుకుని ఇంత తైలం రాసుకుని ఊరుకుంటారు."

"మరిప్పుడేటంటావు?"

"ఒకటి విరిగిందంటే రెండోది విరగడానికి సిద్ధంగా ఉందని. దానికే భయం నాకు. ఏడాదికోసారి ఇచ్చే సెలైన్ ఇంజక్షనుంది. పథకంలో ఉచితం. త్వరగా చేయించుకోండి, అది ఎముకకి పట్టడానికి టైము పడుతుంది."

అచ్చియ్యమ్మ అసలు సంగతి అడిగింది. "పిల్లకి నీళ్ళు పోసుకోవచ్చా?"

డాక్టరు ఫొటో వంక మళ్ళీ ఒకసారి చూసింది. "ఆ మందు పడకపోతే వంగనే వంగొద్దు. పడితే, మీరు గోడకి జేరబడి కూర్చుంటే, పిల్లని ఎవరో తెచ్చి మీ కాళ్ళమీద పడుకోబెడితే, బకెట్లు ఇంకెవరో మోస్తే, అప్పుడు పోయండి. నేను కాదనను."

అంతకంటే ఏం కావాలి? అచ్చియ్యమ్మ చీటీ పుచ్చుకుని ఇంజక్షన్ల కౌంటరుకి వెళ్ళింది. అక్కడ సీనియర్ అసిస్టెంటు జోగారావు కూర్చుని ఉన్నాడు. జోగారావు చెడ్డవాడు కాడు. నిబంధన ఎటు చూపిస్తే అటు చూస్తాడు, అంతే.

"పేరయింది, వయసయింది. తొమ్మిదో గడి చెప్పండి. 'పతనము జరిగిన తేదీ, స్థలము, కారణము, సాక్షుల సంతకములు.' అంటే ఎప్పుడు పడ్డారండీ?"

"నేను పళ్ళేదు బాబూ."

"పడకుండా విరగదండి."

"డాక్టరమ్మ ఇరుగుద్దంది."

"విరిగిందన్నది డాక్టరు గారు చెప్పాలండి, చెప్పారు. పడ్డారన్నది మీరు చెప్పాలండి. ఎవరి గడి వారిదండి."

వెనక వరసలో పక్కింటి కాసులమ్మ నిలబడి ఉంది. ఆవిడకీ అదే ఫొటో, అదే ఇడ్లీ. మెల్లగా అచ్చియ్యమ్మ చెవిలో ఊదింది. "ఏదో ఓటి సెప్పెయ్యవే. నూతికాడ జారేనని సెప్పు. నీ సొమ్మేం పోద్ది?"

ఎవరికైనా పోయేది లేదు గాని, అచ్చియ్యమ్మకి పోతుంది. ఊళ్ళో ఏ బాలింత అయినా పసిగుడ్డుని ఆవిడ కాళ్ళమీద ధైర్యంగా ఎందుకు పెడుతుంది? అచ్చియ్యమ్మ జారదు, తూలదు, పడదు అనేగా? 'అచ్చియ్యమ్మ పడింది' అని సర్కారు కాగితమ్మీద సాక్షుల సంతకాలతో ఎక్కితే ఇంకెవరిస్తారు పిల్లని? అందాకా ఎందుకు, హేమదుర్గ అత్తగారు సుభాషిణమ్మ అప్పుడే బజార్నుంచి గులాబీరంగు ప్లాస్టిక్ తొట్టి కొని సిద్ధంగా పెట్టుకుంది. వియ్యపురాలు పడిందన్న మాట ఒక్కటి చెవిన పడితే చాలు, తొట్టికి పూలదండ వేసేస్తుంది.

అదీ మెలిక. ఇంజక్షను కావాలంటే పడ్డానని చెప్పాలి. పడ్డానంటే పిల్లనివ్వరు. పిల్లనివ్వకపోతే ఇంజక్షనెందుకు?

"నేను పళ్ళేదు" అని మళ్ళీ చెప్పి ఇంటికొచ్చేసింది.

గోనెవరంలో పడనివాళ్ళు అచ్చియ్యమ్మ ఒక్కతే కాదు. ఫొటోలు తీస్తున్నకొద్దీ విరిగిన పూసలు బయటపడుతున్నాయి, పడ్డవాళ్ళు మాత్రం దొరకడం లేదు. కాగితాలు త్రివిక్రమరావు గారి బల్లమీద పేరుకుపోయాయి. డాక్టరు షాహీన్ ఆయన గదికెళ్ళి, "సార్, పడకుండా విరిగినవి కనిపెట్టడానికే కదా ఈ ఫొటో! పడి విరిగితే వాళ్ళే అరుచుకుంటూ వస్తారు కదా!" అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "డాక్టరమ్మా, మీది వైద్యము, మాది పరిపాలన. హేతువు లేని భంగమును ప్రభుత్వము గుర్తించజాలదు. హేతువు లేదన్నచో ఎవరో దాచుచున్నారని అర్థము. విచారణ జరిపించెదను."

మొదటి విచారణ అచ్చియ్యమ్మ ఇంట్లోనే. ఎందుకంటే "పళ్ళేదు" అని రెండుసార్లు అన్నది ఆవిడే. త్రివిక్రమరావు గారు, జోగారావు, ఇద్దరు బంట్రోతులు, కొలత టేపు. వీధంతా అరుగులెక్కింది.

గడప ఎత్తు కొలిచారు. నూతి చప్టా నునుపు చేత్తో రాసి చూశారు. తర్వాత సాక్ష్యం.

"భర్త గారు కీర్తిశేషులు. వారు ఎన్నడైనా తమరిపై చేయి చేసుకొనిరా?"

"మా మావా? ఆ మారాజు దోమని కొట్టాలన్నా నన్నే పిలిసేవోడు బాబూ."

"అత్తగారు?"

"ఆవిడ సేత్తో కొట్టేది కాదు. నోటితోనే పని కానిచ్చేసేది. కానీ పిండి మాత్రం ఊరందరిదీ నాసేతే రుబ్బించింది. అదిగో, ఆ రోలే."

త్రివిక్రమరావు గారి కళ్ళు మెరిశాయి. రుబ్బురోలు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "దీర్ఘకాలిక వంగుడు. పునరావృత భారము. జోగారావ్, రాసుకో. ప్రాథమిక సాక్ష్యముగా రోలు స్వాధీనము."

నలుగురు మనుషులు పట్టి రోలుని లారీకెక్కించారు. ఆ ఎక్కించడంలో ఒక బంట్రోతుకి నడుం పట్టేసింది. అది పతనము కాదు కాబట్టి రాసుకోలేదు. రోలుకి గుడ్డ చుట్టి, లక్క ముద్ర వేసి, చీటీ కట్టి ఆసుపత్రి స్టోరులో పెట్టారు. ఇక అత్తగారు పేరంటాలమ్మకి నోటీసు ఇవ్వాలి. ఆవిడ పోయి చాలాకాలమైందని చెబితే, "అట్లయినచో అంటింపుడు" అన్నారు. గోడ మీద దండేసి ఉన్న పేరంటాలమ్మ ఫొటో కింద జోగారావు జిగురు రాసి నోటీసు అంటించాడు. 'పై వ్యక్తి గడువులోగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొననిచో ఏకపక్షముగా నిర్ణయము తీసుకొనబడును' అని ఉంది దానిమీద.

"బతికున్న రోజుల్లో ఓరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు మా అత్త," అంది అచ్చియ్యమ్మ. "ఇప్పుడిత్తాదా?"

ఇంతలో హేమదుర్గకి కడుపు కనిపించడం మొదలైంది. వచ్చినప్పుడల్లా, "అమ్మమ్మా, ఇంజక్షనయిందా?" అని అడిగేది. "రోలు ఇంకా నోరిప్పలేదంటమ్మా" అనేది ఈవిడ. నవ్వుతూనే అనేది గాని, పెరట్లో పీట చూసినప్పుడల్లా చెయ్యి నడుం మీదికి పోయేది. వంగి పీట తీసుకోవడానికి కూడా భయమే మరి. చీపురు పట్టడం మానేసింది. బిందె ముట్టుకోవడం మానేసింది.

విచారణలన్నీ ఇలాగే రోళ్ళ దగ్గరా, చచ్చిపోయిన అత్తగార్ల దగ్గరా ఆగిపోయాయి. స్టోరులో అడుగుపెట్టడానికి చోటులేదు. రోళ్ళు, తిరగళ్ళు, ఒకచోట ఏకంగా ఒక కావడి. పై నుంచి తాఖీదు వచ్చింది: ఇన్ని ఫొటోలు తీశారు, ఇంజక్షన్లు ఎందుకు కాలేదు? త్రివిక్రమరావు గారు రెండు రోజులు గది తలుపులు వేసుకుని ఆలోచించారు. మూడోనాడు చిరునవ్వుతో బయటికొచ్చారు. ఆయన చిరునవ్వుతో వస్తే ఊరికి కీడు.

ఆసుపత్రి ఆవరణలో 'పతన ధ్రువీకరణ కేంద్రము' వెలిసింది. పడనివాళ్ళకి పడే సదుపాయమన్నమాట. రేకుల షెడ్డు, మధ్యలో మందంగా ఒక పరుపు, పక్కన సాక్షులకి కుర్చీలు. బయట బోర్డు: 'పడువారు టోకెను తీసుకొనవలెను. చెప్పులు వెలుపల విడువవలెను. తమ వంతు రాకమునుపు జరుగు పతనములు పరిగణింపబడవు.'

ముసలివాళ్ళు టోకెన్లు పట్టుకుని వరసల్లో నిలబడ్డారు. పేరు పిలవగానే వెళ్ళి పరుపు మీద పడ్డం, ఇద్దరు సాక్షులు "చూచితిమి" అనడం, జోగారావు ముద్ర కొట్టడం. ఫొటో తర్వాత పడితే చెల్లదు కాబట్టి పడ్డాక మళ్ళీ ఫొటో. దాంతో ఫొటోల లెక్క రెట్టింపై పథకం పరుగులు పెట్టింది. రిటైరైన డ్రిల్లు మాస్టారొకాయన షెడ్డు బయట చెట్టుకింద పడ్డం నేర్పే క్లాసులు కూడా పెట్టాడు. పక్కకి పడితే హుందాగా ఉంటుందనేవాడు.

కాసులమ్మ మొదటిరోజే పడింది. ఇంజక్షను చేయించుకుని గుమ్మంలోంచే కేకేసింది.

"ఒసే అచ్చీ! పరుపెంత మెత్తగుందనుకున్నావు! నాకైతే లేవబుద్ది కాలేదు. అటెండరు 'లెగండి మామ్మా, ఎనకాల జనం ఉన్నారు' అంటే లెగిసేను. ఎల్లి పడిరావే!"

"పడను."

"మొండిదానా! పరుపు మీదేనే!"

"పరుపు మీదైనా పడ్డమే. కాయితంలో పరుపని రాత్తారా?"

రాయలేదు. అదే కొంప ముంచింది. కాసులమ్మ సర్టిఫికెట్టు ఇంట్లో దాచుకుంటే ఆవిడ కోడలు చదివింది. మర్నాటి నుంచి మనవణ్ణి చంకనెత్తుకోనివ్వడం లేదు. "మీరు పడే మనిషి కదత్తయ్యా" అంటుందిట. సాయంత్రం పూట వాణ్ణి చంకనేసుకుని రైల్వే గేటు దాకా తీసికెళ్ళి గూడ్సుబండి చూపించడం కాసులమ్మ దినచర్య. ఇప్పుడు అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చుని, బండి కూత వినపడితే మొహం తిప్పుకుంటోంది. ఇంజక్షను మాత్రం బాగానే పట్టింది, పాపం.

అచ్చియ్యమ్మ అది చూసింది. టోకెను జోలికి పోలేదు.

ఆనక ఆడిట్ వాళ్ళొచ్చారు. వాళ్ళు పరుపుని చేత్తో నొక్కి చూసి ఒక్క వాక్యం రాసి వెళ్ళిపోయారు: 'ఇంత మెత్తని పరుపుపై పడినచో ఎముక విరుగుట అసంభవము, కావున ఈ పతనములు అనుమానాస్పదములు.' త్రివిక్రమరావు గారు వెంటనే పరుపు తీయించి సిమెంటు దిమ్మ కట్టించారు. దాంతోపాటు కొత్త క్రమం: ముందు ఫొటో తీసి పూస బాగుందని చూపాలి, తర్వాత సిమెంటు మీద పడాలి, తర్వాత ఫొటోలో విరిగినట్టు కనపడాలి. మూడూ జతపరిస్తే మందు.

డాక్టరు షాహీన్ పరుగెత్తుకొచ్చింది. "సార్! ఎముకలు విరక్కుండా చూడ్డానికి మనం మిషను కొన్నాం!"

"కాదనుట లేదు. అయితే విరిగిన పిదప మాత్రమే విరగకుండా చూడగలము. నిబంధన అది."

దిమ్మ చూసి ముసలివాళ్ళు ఎవరూ ముందుకి రాలేదు. అప్పుడు ఆయనకి ఒక ఆలోచన తట్టింది. ఊళ్ళో మొట్టమొదట 'పళ్ళేదు' అన్నది ఎవరు? అచ్చియ్యమ్మ. ఆవిడ పడితే ఊరంతా పడుతుంది. దిమ్మ ప్రారంభోత్సవానికి ఆవిణ్ణి ముఖ్య అతిథిగా పిలిచారు. పడనని నలుగురి ముందూ చెప్పేద్దామని ఆవిడ ఆటోలో వచ్చింది. పక్కన నిండుగర్భంతో హేమదుర్గ. సీమంతం అయి వారమైనా కాలేదు. ఎక్కడ ఏం జరుగుతుందోనని గులాబీ తొట్టి అత్తగారు కూడా వెంటవచ్చింది. మైకు, దండలు, షామియానా. కాసులమ్మ ముందు వరసలో కూర్చుంది.

"పతనమనిన భయపడనక్కరలేదు!" త్రివిక్రమరావు గారు మైకులో అన్నాడు. "క్రమశిక్షణతో పడినచో అది కూడా ఒక వ్యాయామమే. అచ్చియ్యమ్మ గారి సంకోచమును తొలగించుటకు, అధికారినైన నేనే ముందుగా పడి చూపెదను!"

జనం గోల చేశారు. అచ్చియ్యమ్మకే కంగారు పుట్టింది. "ఒద్దు బాబూ! ఎముకలు బాబూ, ఆటలా?"

కానీ క్రమం క్రమమే. ముందు ఫొటో తియ్యాలి. ఆయన లోపలికెళ్ళి ఫొటో తీయించుకుని, మెళ్ళో దండతోనే వచ్చి దిమ్మెక్కి చేతులు చాచి నిలబడ్డాడు. సాక్షులు సర్దుకు కూర్చున్నారు. జోగారావు కలం తెరిచాడు. అంతలో డాక్టరు షాహీన్ ఫొటో పట్టుకుని వచ్చింది. మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

"సార్, దిగండి. మీరు పడక్కర్లేదు."

"ఏమి?"

"మీ పూస ఇప్పటికే విరిగింది. పాతది. ఎప్పుడో నొక్కుకుపోయింది."

మైకు ఆపడం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఊరంతా విన్నది.

"అసంభవము! నేనెన్నడూ పడలేదే!"

జోగారావు లేచాడు. చెప్పాను కదా, నిబంధన ఎటు చూపిస్తే అటు చూసే మనిషి. ఫారం తీసి వినయంగా అడిగాడు.

"తొమ్మిదో గడి సార్. ఎప్పుడు పడ్డారండీ?"

"నేను పడలేదయ్యా!"

"పడకుండా విరగదండి."

ఆ తర్వాత షామియానా ఎవరు విప్పారో, దండలు ఎవరు పట్టుకెళ్ళారో ఎవరికీ తెలియదు. నవ్వి నవ్వి కాసులమ్మకి పొలమారింది. త్రివిక్రమరావు గారు మాత్రం దిమ్మ మీంచి దిగడానికి ఇద్దరి భుజాలు పట్టుకున్నాడు. అంతసేపూ చేతులు చాచి నిలబడ్డ మనిషే, విరిగిందని తెలిశాక అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయాడు.

సాయంత్రానికల్లా కొత్త సర్క్యులరు వెలువడింది. 'విధినిర్వహణలో నిరంతర భారమునకు లోనగు అధికారులు, సభ్యులు మొదలగు వారి విషయమున, పతనము లేకుండగనే భంగము సంభవించుటకు అవకాశము కలదని నిపుణులు అభిప్రాయపడినందున, అట్టివారికి తొమ్మిదవ గడి వర్తించదు.' నిపుణులంటే ఆ డాక్టరు షాహీనే. నెలల తరబడి ఆ పిల్ల చెప్పిన మాటే. అధికారి వెన్నులో పడేసరికి దానికి అభిప్రాయం హోదా వచ్చింది.

మర్నాడు ఆయన మంచమ్మీద సెలైను పెట్టించుకుని పడుకున్నాడు. అది చుక్క చుక్కగా ఎక్కేదాకా కదలడానికి లేదు. అదను చూసి అచ్చియ్యమ్మ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"నొప్పెట్టిందా బాబూ?"

"లేదమ్మా. చీమ కుట్టినట్టుంది." పడుకున్నందువల్లో ఏమో, ఆయన మామూలు మనుషుల్లాగే మాట్లాడాడు.

"నువ్వు పళ్ళేదు గదా?"

"లేదు."

"నేనూ పళ్ళేదు."

ఆయన సీలింగు కేసి చూశాడు. "తెలుసమ్మా. కానీ నిబంధన మార్చలేను. మారిస్తే ఇంతకాలమూ అది తప్పని అర్థం వస్తుంది."

డాక్టరు షాహీన్ సెలైను గొట్టం సరిచేస్తూ అంది. "నిబంధన మార్చకండి సార్. మనిషిని మార్చండి. సర్క్యులర్లో 'సభ్యులు' అని ఉంది కదా. ఈవిణ్ణి ఏదో ఒక సభ్యురాల్ని చేసెయ్యండి."

త్రివిక్రమరావు గారి మొహం విచ్చుకుంది. నియామకమంటే ఆయనకి ప్రాణం లేచొస్తుంది. మంచమ్మీంచే జోగారావుకి చెప్పి రాయించాడు. ఆ విధంగా అచ్చియ్యమ్మ 'గౌరవ పతన పరిశీలకురాలు' అయింది. జీతం లేదు, కుర్చీ లేదు. ఇంజక్షను మాత్రం ఆ మధ్యాహ్నమే పడింది. ఒకరోజు జ్వరం కాసింది. తగ్గాక డాక్టరు చెప్పినట్టు మాత్రలు మింగుతూ, ఎండలో కూర్చుంటూ, ఏదీ ఎత్తకుండా ఒళ్ళు దాచుకుంది.

ఆ దారి తెలిశాక గోనెవరం ఊరుకుంటుందా? జోగారావు చాటుగా వచ్చి, "మా అమ్మ కూడా ఎప్పుడూ పడలేదంటుందండి" అన్నాడు తల గోక్కుంటూ. ఆవిణ్ణి 'గౌరవ రోళ్ళ సంరక్షకురాలు'గా వేశారు. కాసులమ్మ గొడవపడి తన పాత సర్టిఫికెట్టు రద్దు చేయించుకుని 'గౌరవ పరుపుల పర్యవేక్షకురాలు' అయి, ఆ కాగితం కోడలి మొహమ్మీద పెట్టి మనవణ్ణి తెచ్చుకుంది. వెన్ను పూస నొక్కుకుపోయిన ముసలీ ముతకా అందరికీ ఒక్కొక్క పదవి. చూస్తూ చూస్తూ ఊళ్ళో లబ్ధిదారులే లేకుండా పోయారు, అందరూ అధికారులే. కారణం తెలియని విరుపు ఒక్కటీ నమోదు కాలేదని గోనెవరానికి ఉత్తమ మునిసిపాలిటీ పతకం కూడా వచ్చింది. అది అందుకుంటున్న ఫొటోలో త్రివిక్రమరావు గారు లాల్చీకి బదులు పొట్టి చొక్కా వేసుకున్నారు.

హేమదుర్గకి మగపిల్లాడు పుట్టాడు.

నీళ్ళు పోసే రోజు పెరట్లో గోడకి ఆనించి పీట వేశారు. వెనక దిండు. అచ్చియ్యమ్మ జేరబడి, కాళ్ళు బారజాపి, పిక్కలు దగ్గరికి చేర్చింది. గులాబీ తొట్టిలో వేడినీళ్ళకి చన్నీళ్ళు కలిపి తొలిపారు, దానికి అదే పని. చెంబుతో అందిస్తున్నది వియ్యపురాలు సుభాషిణమ్మే. "జాగ్రత్తండీ వదినగారూ" అని చెంబు చెంబుకీ అంటోంది. హేమదుర్గ పిల్లాణ్ణి తెచ్చి అమ్మమ్మ కాళ్ళమీద పడుకోబెట్టింది. అచ్చియ్యమ్మ నూనె చెయ్యి వీపున పడగానే వాడు ఏడుపు ఆపి, ఏదో పాత సంగతి గుర్తొచ్చినవాడిలా చూశాడు.

"ఓలమ్మో, ఆ ముక్కు సూడవే! అచ్చం మా అత్త పేరంటాలమ్మ ముక్కు!"

సరిగ్గా అప్పుడే దొడ్డిగుమ్మంలోంచి జోగారావు వచ్చాడు. చేతిలో కాగితం, జిగురు డబ్బా.

"ఏమనుకోకండి పరిశీలకురాలు గారూ. మీ అత్తగారికి రెండో నోటీసండి. మొదటిదానికి జవాబు రాలేదు. ఎవరికైనా అందినట్టు తేలకపోతే ఫైలు మూయడానికి లేదు. ఫైలు మూయందే మీ రోలు వదలడానికి లేదు."

"నలుగుపిండికి పెసలు ఎక్కడ రుబ్బుకోను బాబూ మరి? మిక్సీలో ఏత్తే మాడు వాసనొత్తంది."

జోగారావు చదివి వినిపించడానికి కాగితం విప్పి వంగాడు. అచ్చియ్యమ్మ పిల్లాణ్ణి అప్పుడే వెల్లకిలా తిప్పింది. చిన్నవాడు కాళ్ళు తన్ని, గాలిలోకి సన్నటి ధార వదిలాడు. అది వంపు తిరిగి తిన్నగా వచ్చి పేరంటాలమ్మ పేరు మీద పడింది. సర్కారు సిరా కరిగి కిందికి జారింది.

సుభాషిణమ్మ చెంబు వదిలేసి నవ్వింది. హేమదుర్గ కుట్లు పట్టుకుని నవ్వింది. జోగారావు మాత్రం నవ్వలేదు. తడి కాగితాన్ని వెలుతురుకెత్తి కాసేపు చూశాడు. పిల్లాడి ముక్కు చూశాడు. లోపల గోడమీద పేరంటాలమ్మ ఫొటో చూశాడు. కలం తీసి కాగితం అంచున, తడవని చోట, జాగ్రత్తగా రాసి పైకి చదివాడు.

"నోటీసు వారసులకు ముట్టినది. సంజాయిషీ అందినది. ఫైలు ముగించడమైనది."

మర్నాడు పొద్దున్నే నలుగురు మనుషులు రోలు తెచ్చి పెరట్లో దింపి వెళ్ళారు. లక్క ముద్ర అలాగే ఉంది.